మంచుకోట ఖిల్లేదార్

మొన్న గురువారం సాయంత్రం ఇక్కడ సౌదీలో, యాన్బు బజార్లో మంగలి షాపుకు వెళ్ళాను. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఫోన్‌లో ఏదో వీడియో పెట్టుకుని చూస్తున్నాడు. రాయి మీద గడ్డపార పడుతున్న టకటక చప్పుడు, వెనకాల సన్నగా గిటారు, దాని మీద ఎవరో హిందీలో పాఠం చెబుతున్నాడు. మంచు ప్రాంతంలో కోట కట్టదలుచుకుంటే అన్నిటికంటే ముందు నీళ్ళ సంగతి చూసుకోమంటున్నాడు. మంగలి కత్తి నా గొంతు మీద ఉంది కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే లేచి ఆ ఫోన్ లాక్కుని అవతల పారేసేవాణ్ణి. నాకు అంత కోపం వచ్చింది.

కోపం ఆ మనిషి మీద కాదు. పోయిన చలికాలం జగిత్యాల పక్క పల్లెటూళ్ళో చచ్చిపోయిన ఇంకో మనిషి మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని కడప నుంచి మా అమ్మీ ఫోన్‌లో చెబుతూనే ఉంటుంది. ఆమెకేం, ఆయనతో ఒకే గదిలో ఆమె ఉండలేదు.

రిఫైనరీ పనివాళ్ళుండే మా క్యాంపులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఖిల్లేదార్, అంటే కోటకు పెద్ద. ఆ పేరు పెట్టింది మా గదిలోనే ఉండే పాకిస్తానీ పెద్దమనిషి, గిల్గిత్ నుంచి వచ్చిన డ్రైవరు. నేను మాత్రం అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. రిఫైనరీలో ఆయన స్కాఫోల్డర్. అంటే ఇనప పైపులు, క్లాంపులు, పలకలతో ఎత్తుగా మంచెలు కట్టే పని. వెల్డర్లూ పెయింటర్లూ వాటి మీదికెక్కి తమ పని చేసుకుని దిగిపోతారు, తర్వాత ఈయన గ్యాంగే వచ్చి వాటిని విప్పేస్తుంది. నాది సేఫ్టీ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే డ్యూటీ ఎక్కేముందు అందర్నీ వరసగా నిలబెట్టి ఆనాటి జాగ్రత్తలు చెప్పాలి. ఎండాకాలం వచ్చిందంటే ఆ జాగ్రత్తల్లో ముప్పాతిక మువ్వీసం నీళ్ళు తాగమనే.

నేను ఆ గదిలోకి మారింది ఒక జూన్ నెల మధ్యాహ్నం. తలుపు గడియ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. లోపలికి అడుగు పెడితే పళ్ళు కొట్టుకున్నాయి. ఏసీ పదహారు మీద ఉంది. కింది మంచం మీద రజాయి కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, ఒకాయన లాప్‌టాప్ ముందు కూర్చుని వేళ్ళ మీద ఊదుకుంటున్నాడు. నా వైపు చూడకుండానే, "తలుపెయ్యి తమ్మీ, చలి వోతది" అన్నాడు.

"వేడొస్తాది అనాల గదన్నా" అన్నాను.

"ఏదైతేంది, ఎయ్యి."

నాకు చల్లగాలి పడదు. ఆ రోజు మొదలైన ఏసీ గొడవ చాలాకాలం నడిచింది. నేను ఇరవై నాలుగు చేసేవాణ్ణి, బాత్రూంకు వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ పదహారు. రిమోట్ దాచిపెడితే స్టూలెక్కి బటన్ నొక్కేవాడు. మంచెలు కట్టే మనిషికి స్టూలెక్కడం ఒక లెక్కా? పైగా ఎక్కేముందు ఆ స్టూలును రెండు వేళ్ళతో తట్టి చెవి పెట్టి వినేవాడు. అది ఆయన అలవాటు. మంచమైనా, మెస్సులో బల్లైనా, బస్సులో సీటైనా తట్టి చూడకుండా కూర్చునేవాడు కాదు. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి కదా అనే నాకు ఇంకా మంట.

ఆ లాప్‌టాప్‌ను దేశం వెళ్ళిపోతూ ఒక ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ ఆయనకు ఇచ్చిపోయాడు. అందులో ఈ కోట ఆట ఉంది, మంగలి షాపులో నేను విన్నది దీని పాఠమే. మొదట్లో మనకు ఏడుగురు గడ్డాల పొట్టిమనుషుల్నీ, ఒక బండినీ, కాస్త సామానునీ ఇస్తారు. లోకమంతా పటం వేసి చూపించి, ఎక్కడ దిగుతావో చెప్పమంటారు. దిగినచోట కొండ తవ్వుకోవాలి, వంటిల్లూ గోదాములూ పడకగదులూ చేసుకోవాలి, గోడా గేటూ కట్టుకోవాలి, మీదికొచ్చేవాళ్ళను తట్టుకోవాలి. పొట్టిమనుషులు మనం చెప్పింది వెంటనే చెయ్యరు. ఇక్కడ తవ్వండని గుర్తు పెడితే, వాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి తవ్వుతారు. గెలవడమనేది అందులో లేదు. ఎన్నాళ్ళు నిలబడ్డామన్నదే లెక్క.

పటంలో పచ్చటి లోయలున్నాయి, సెలయేళ్ళున్నాయి. ఈయన ఎప్పుడూ ఏడాది పొడవునా మంచు తప్ప మరేమీ లేని చోటే దించేవాడు. అక్కడ చెట్టుండదు, చెట్టు లేక కట్టె ఉండదు, ఏరంటూ ఉంటే అది రాయిలా గడ్డకట్టి ఉంటుంది. మంచి చోటు చూసుకోవచ్చు కదా అంటే, "దినమంత ఎండల సావాలె, ఇంటికచ్చి గూడ ఎండల్నే సావాల్నా?" అనేవాడు. డ్రైవరుకు ఇది అస్సలు మింగుడుపడేది కాదు. చాయ్ గ్లాసు పట్టుకుని వెనకాల నిలబడి, "ఖిల్లేదార్ సాబ్, హమ్ బరఫ్ సే భాగ్ కే ఆయే, ఔర్ ఆప్ బరఫ్ మే ఘర్ బనా రహే హో?" అని నిట్టూర్చేవాడు. తను మంచు నుంచి పారిపోయి వస్తే ఈయన మంచులో ఇల్లు కడతాడేమిటని ఆయన బాధ.

ఆడటమైనా సవ్యంగా ఆడేవాడా అంటే అదీ లేదు. దిగగానే ఎవరైనా తిండి సంగతి చూసుకుంటారు. భూమి లోపల పుట్టగొడుగులు పండించి, వాటినే తిని, వాటితోనే సారా కాచుకోవాలి. ఈయన మాత్రం ముందు పడకగదులు తవ్వించేవాడు. మనిషికొక గది, గదికొక తలుపు. మా గదిలో రెండంతస్తుల మంచాలు, ఒకడు పక్కకు తిరిగితే ఇంకొకడు లేచి కూర్చోవాలి. "పనోడు తలుపేసుకొని పండాలె తమ్మీ" అనేవాడు. ఆ పొట్టిమనుషులకు మా పేర్లే పెట్టేవాడు. డ్రైవరు పేరు ఒకడికి, మెస్సులో వంటాయన పేరు ఒకడికి, నా పేరు ఒకడికి. నా పేరున్నవాడు పని తప్పించుకుని తిరుగుతున్నాడని నాకే ఫిర్యాదు చేసేవాడు, నేనేదో వాడికి నచ్చజెప్పగలిగినట్టు.

కోట కాస్త నిలదొక్కుకుంటుండగానే వలసవాళ్ళు వస్తారు. పిలవకపోయినా, తిండి లేకపోయినా, మంచులో నడుచుకుంటూ గుంపుగా వచ్చేస్తారు. వాళ్ళ వెనకాలే దొంగలు తగులుకుంటారు. గేటు మూసెయ్యి, ఉన్నవాళ్ళన్నా బతుకుతారని నేను మొత్తుకునేవాణ్ణి.

"ఏ ఏజెంటు మాటిని అచ్చిన్రో, పాపం. వీసా కొట్టిచ్చుకొని అచ్చినోళ్ళను వాపస్ తోలుతమా?" అనేవాడు.

గేటు తెరిచే ఉంచేవాడు. దొంగలూ వచ్చేవాళ్ళు. కోట పోయేది. మర్నాడు సాయంత్రం ఇంకోటి మొదలుపెట్టేవాడు, అదీ మంచులోనే.

ఇక నీళ్ళు. ఆ ఆటలో ఒంట్లో బాగున్నవాళ్ళకు నీళ్ళ అవసరం లేదు, సారాతోనే నడిచిపోతుంది. దెబ్బ తగిలి మంచాన పడ్డవాడు మాత్రం సారా ముట్టడు. వాడికి ఎవరో ఒకరు బకెట్టుతో నీళ్ళు తెచ్చి తాగించాలి. చుట్టూ మంచు కొండలుంటాయి, తాగడానికి చుక్క ఉండదు, కాలు విరిగినవాడు దాహంతో చచ్చిపోతాడు. ఆ చావులు ఆయన్ని కుదురుగా కూర్చోనిచ్చేవి కావు. బాగా లోతుకు తవ్వితే కొండ అడుగున గడ్డకట్టని చెరువులుంటాయి. వాటి నీళ్ళు పైకి తేవడానికే ఆయన శుక్రవారాలన్నీ పోయాయి.

ఆటలో ఉన్న ఆ నియమాన్నే ఆయన తన ఒంటికి కూడా పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆగస్టులో ఒక పొద్దున నేను మైకు పట్టుకుని, పావుగంటకోసారి గ్లాసెడు తాగండి, దాహం వేసేదాకా ఆగొద్దు అని చెబుతున్నాను. చెబుతూ చూస్తే ఈయన చేతిలో కూల్‌డ్రింకు డబ్బా. పెదాలు చూస్తే ఎండి పగిలి, రెండు చోట్ల నెత్తురు చారలు. నలుగురిలోనే అడిగాను, "అన్నా, నీళ్ళ బాటిల్ యాడుంది?" అని. పనిలో నన్ను ఆయన సార్ అనేవాడు, అనడంలోనే వెటకారం ఉండేది.

"నీళ్ళు దెబ్బ తాకినోళ్ళకు సార్. నాకేం తాకింది?"

గ్యాంగంతా గొల్లుమంది. క్యాంపులో ఆ ఆట సంగతి తెలియనివాళ్ళు లేరు. నాకు నవ్వు రాలేదు. టాయ్‌లెట్ గోడ మీద మేం ఒక చార్టు అంటించాం, ఒంటేలు ఏ రంగులో ఉంటే ఒంట్లో నీళ్ళు ఎంత తక్కువైనట్టో చూపించే చార్టు. ఆ రోజే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అన్నిటికన్నా కింద ఉన్న ముదురు రంగు మీద వేలు పెట్టి, "గిది నాది" అని చూపించాడు. ఏదో బహుమతి గెలిచినట్టు.

అసలు కారణం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పొద్దున మంచె ఎక్కి బెల్టు కొక్కెం తగిలించుకున్నాడంటే, మధ్యాహ్నం ఎండ వేళ అందరి పనీ ఆపినప్పుడే దిగడం. మధ్యలో ఒంటేలుకని దిగాలంటే కొక్కెం విప్పాలి, నిచ్చెనలన్నీ దిగాలి, ఎక్కడో దూరంగా ఉన్న రేకుల టాయ్‌లెట్‌కు నడవాలి, మళ్ళీ అంతా ఎక్కాలి. ఈలోపు కింద ఫోర్‌మన్ యల్లా యల్లా, తొందరగా కానీ అని అరుస్తుంటాడు. పైన పని చేసేవాళ్ళందరూ నేర్చుకునే ఉపాయం ఒకటే. తాగకపోతే దిగే పని లేదు. ఈయన దాన్ని అందరికన్నా బాగా నేర్చుకున్నాడు. సాయంత్రం నడుం లాగేస్తోందని ఊరినుంచి తెచ్చుకున్న నొప్పి గోళీలు వేసుకునేవాడు, అవి కూడా కూల్‌డ్రింకుతోనే. ఆ గోళీలు కిడ్నీలను తినేస్తాయని చెప్పాను, బతిమాలాను, తిట్టాను, ఒకసారి గోళీల డబ్బాను కిటికీలోంచి పారేశాను. వెళ్ళి ఏరుకొచ్చుకున్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గదిలో పండగలా ఉంది. చెరువు నీళ్ళను పంపు మీద పంపు పెట్టి కొండ మధ్యదాకా ఎక్కించాడట. కోటలో ఆసుపత్రి గది పక్కనే తొట్టి తవ్వించాడు. చూడటానికి మెస్సు నుంచి వంటాయన్ని కూడా పిలిపించి మంచం మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు కాలవలోకి వదిలాడు. నీళ్ళు వచ్చాయి, ఇంకా వచ్చాయి, తీరా తొట్టి దగ్గరికొచ్చేసరికి తెల్లగా రాయైపోయాయి. కాలవలో పని చేస్తున్న నా పేరున్న పొట్టివాడు ఆ మంచులో నిలువునా బిగుసుకుపోయాడు.

ఆ ఆటలో ఆకాశం సోకిన నీళ్ళు అప్పటికప్పుడు గడ్డకడతాయి. అందుకని కాలవ పొడవునా పైన కప్పు ఉండి తీరాలి. ఈయన కాలవ నడినెత్తి మీద కొండ పైదాకా ఒక బొక్క తొలిపించి పెట్టాడు.

"ఇదెందుకన్నా ఈడ?" అన్నాను.

"గాలికి."

"ఆటలో వాళ్ళకు గాలితో పనే లేదు గదన్నా!"

"నువ్వే జెప్పినవ్ గద తమ్మీ. మూసిన జాగల మనుషులను దింపేటప్పుడు గాలికి తొవ్వ వెట్టాలె అని."

నిజమే. ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపే ముందు నేనిచ్చే ట్రైనింగులో మొదటి మాట అది. రెండో మాట నీళ్ళు తాగమని. మొదటిదాన్ని తీసుకెళ్ళి ఆటలో బొమ్మలకు అమలు చేశాడు, రెండోదాన్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. డ్రైవరూ వంటాయనా పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ కోటలోనే డ్రైవరు పేరున్నవాడికి కాలు విరిగింది. కాలవ మంచుతో పూడిపోయింది కాబట్టి నీళ్ళకు అడుగు చెరువు దాకా దిగాల్సిందే. అక్కడ మృగాలుంటాయని, ఆ దారికి అడ్డంగా కట్టిన గోడను తెరిస్తే కోటంతా పోతుందని ఆయనే నాకు నేర్పాడు.

"వాణ్ణి వదిలెయ్‌న్నా. ఒక్కడు పోతే పోతాడు" అన్నాను.

ఆడుతున్నప్పుడు మొహం తిప్పని మనిషి నా వైపు తిరిగాడు.

"రేపు నువ్వు పడ్తవ్ మంచంల. ఇడిసిపెట్టుమంటవా?"

గోడ తెరిచాడు. బకెట్టు మనిషి కిందికి పోయి నీళ్ళు తెచ్చాడు, వాడి వెనకాలే ఏదో మృగమూ వచ్చింది. చీకటి పడకముందే కోట ఖాళీ అయిపోయింది. "ఆడు తాగిండు గద" అని ఈయన తృప్తిగా రజాయి సర్దుకున్నాడు. ఒక బొమ్మకు గుక్కెడు నీళ్ళ కోసం కోటంతా కూల్చుకున్న మనిషి దిండు పక్కన, పొద్దున నేను పెట్టిన నీళ్ళ సీసా మూత కూడా ఊడకుండా అలాగే ఉంది.

తర్వాతి వేసవికి ఆయన ఆట తగ్గింది. డ్యూటీ నుంచి వచ్చి బూట్లతోనే వాలిపోయేవాడు. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. సాక్సు పట్టీ ఆనినచోట కాలు గుంట పడితే ఆ గుంట ఎంతకూ పూడేది కాదు. ఏసీని తనే ఇరవై నాలుగు చేసుకున్నాడు. అది చూసి నాకు నిజంగా భయమేసింది. క్లినిక్‌కు పోదాం పదన్నా అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"అండ్లకు వోతె అన్‌ఫిట్ అని రాస్తరు. అన్‌ఫిట్ అంటె ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరు. ఇద్దరు పిల్లలు కాలేజీల ఉన్నరు తమ్మీ. వాళ్ళు ఒడ్డుకు వడేదాక నేను మంచిగనే ఉన్న" అనేవాడు.

మంచిగ ఉండటమంటే ఎవరికీ చెప్పకపోవడమని ఆయన ఉద్దేశం. ఇక్కడ సగం మంది ఉద్దేశం అదే, వాళ్ళందరితోనూ కొట్లాడి కొట్లాడి నా ప్రాణం విసిగిపోయింది.

ఒక పొద్దున బూటు ఆయన కాలికి ఎక్కలేదు. లేసులు తీసేసినా ఎక్కలేదు. రబ్బరు చెప్పులేసుకుని బస్సెక్కి సైటుకు వచ్చేశాడు. గేటు దగ్గర ఆ పూట నేనే ఉన్నాను. సేఫ్టీ బూట్లు లేకుండా ఎవర్నీ లోపలికి పంపకూడదు. బూట్లదాకా ఎందుకు, ఆ కాళ్ళు చూశాక ఎవడు పంపుతాడు?

"ఒక్కపూట తమ్మీ. ఎవ్వలు జూస్తరు?" అన్నాడు, మెల్లగా.

"నేను చూస్తాండా గదన్నా. లోపలికి పోనీను. క్లినిక్ బండెక్కు."

"నువ్వేనా ఆపేది?"

"నేనే."

వెనకాల వరసంతా నిలిచిపోయింది. "నేనెవ్వలికి గేటు ముయ్యలె" అని, వెళ్ళి బండెక్కాడు.

క్లినిక్‌లో ఈజిప్టు డాక్టరు రక్తం రిపోర్టు చూసి, రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఎక్కి దిగితే మంచె మీదే ప్రాణం పోయేదన్నాడు. అన్‌ఫిట్ రాశారు. ఎగ్జిట్ కొట్టారు. వెళ్ళేదాకా ఆయన నాతో మాట్లాడలేదు. డ్రైవరు బండిలో ఎయిర్‌పోర్టుకు నేనూ వెళ్ళాను, దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నాకూ తక్కువ కోపం లేదు. మళ్ళీ అదే గేటు దగ్గర నిలబెట్టినా మళ్ళీ ఆపుతాను. అంతకుముందు ఆపాలని చూసి నా నోరు నొప్పి పుట్టిందే తప్ప, ఆయన ఆగితే కదా.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. గొంతు పోల్చుకోలేకపోయాను. తమ్మీ అన్నాకే తెలిసింది. కరీంనగర్ తీసుకెళ్ళి మిషన్ మీద రక్తం శుభ్రం చేయిస్తున్నారట. వచ్చిన రోజు మంచంలోంచి లేవలేడట.

"కోట మళ్ళా పెట్టినావా అన్నా?" అని అడిగాను, ఏం అడగాలో తెలియక.

"మా పిల్ల ఆడుతున్నది. పచ్చటి జాగల వెట్టింది. నాకు జూడబుద్ధి గాలె" అని నవ్వాడు.

"బాగా తింటాండావా?"

"తిండి వెడ్తున్నరు. నీళ్ళే ఇస్తలేరు తమ్మీ."

సేఫ్టీ వాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. కిడ్నీలు పనిచెయ్యనివాడు తాగిన నీళ్ళు బయటికి పోవు, ఊపిరితిత్తుల్లో నిండుతాయి. అందుకని రోజుకింత అని కొలిచి ఇస్తారు. గోళీలు మింగడానికే అది సరిపోతుంది. ఇంట్లో బిందె ఆయన కంటపడకుండా వెనకింట్లో పెట్టారట. నోరు మరీ పిడచకట్టుకుపోతే వాళ్ళావిడ నాలుక మీద ఐసు ముక్క పెడుతుందట. "అది గరిగేదాక జర నిమ్మళం" అన్నాడు.

ఇన్నాళ్ళుగా దాచుకున్నదంతా నా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పాను కదా, గదిలో చెప్పాను కదా, మైకులో చెప్పాను కదా, నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు కదా అని. అవేవీ అనకుండా లేచి ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసుకున్నాను.

"నీ తాన నీళ్ళున్నయా?" అన్నాడు.

"ఉండాయన్నా."

"సల్లగున్నయా?"

"ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినా."

"తాగు. నేను వింట."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"ఫోను దగ్గర వెట్టుకొని తాగు తమ్మీ. ఒక్కపారి."

మూత తిప్పాను. అది టిక్కుమనగానే అవతల ఆయన ఊపిరి ఆగింది. ఫోను గొంతు దగ్గర పెట్టుకుని తాగడం మొదలుపెట్టాను. కోపంగా, పెద్ద పెద్ద గుక్కలు తాగుతున్నాను.

"గట్ల గాదు. నిమ్మళంగ" అన్నాడు.

నిమ్మళంగా తాగాను. కళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, పక్క బల్ల దగ్గరివాళ్ళు చూస్తున్నారు. అయినా ఆపకుండా తాగాను. సీసా ఖాళీ అయింది.

"ఇంకోటి ఉన్నదా?" అన్నాడు.